మూడడుగుల బాల్కనీలో రెండు చెత్తబుట్టలు

మాది హైదరాబాద్‌లో మూడో అంతస్తు. వంటింటి వెనక బాల్కనీ వెడల్పు మూడడుగులే. వాషింగ్ మెషీన్, గ్యాస్ బండ కూడా అక్కడే. తడి చెత్తకి ఆకుపచ్చ బుట్ట, పొడి చెత్తకి నీలం బుట్ట పక్కపక్కన పెడితే తలుపు సగమే తెరుచుకునేది. రెండంతస్తుల స్టాండ్ కొన్నాను. దండగ! పై బుట్ట మూత తీస్తే బట్టల తీగకి తగిలేది.

చివరికి నీలం బుట్టే తీసేశాను. పొడి చెత్తకి బరువేముంటుంది? పాతిక కిలోల బియ్యం సంచి ఒకటి గోడకి రెండు కొక్కేలతో తగిలించాను. అట్టపెట్టెలు విప్పి మడిచి, పాల కవర్లు కడిగి ఆరబెట్టి అందులో వేస్తున్నాం.

అసలు తలనొప్పి తడి బుట్ట. కంపు తొక్కల వల్ల కాదు, అడుగున చేరే నీళ్ల వల్ల. ఇప్పుడు టీ పొడి, చింతపండు పిప్పి చిల్లుల గిన్నెలో వడకట్టాకే బుట్టలోకి. అడుగున రెండు మడతల న్యూస్‌పేపర్. కింద కడగడానికి వీలుగా బుట్టని ఇటుకల మీదికి ఎక్కించాను. చీమలు తగ్గాయి.

బ్యాటరీలు, కాలం చెల్లిన మందులు తడీ కాదు, పొడీ కాదు; 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు వాటిని మూడో రకంగా, ఇళ్లలోని ప్రమాదకర చెత్తగా విడదీశాయి. వాటికి మెషీన్ మీద చిన్న డబ్బా.

బండి రాని రోజు చేపల చెత్త కవర్లో చుట్టి ఫ్రీజర్‌లో పెడతాను. దీనికి మాత్రం అత్తగారు ఇంకా ఒప్పుకోలేదు.