ఇంటి వైఫైలో ఎవరికి ముందు దారి ఇవ్వాలి? సెట్టింగ్ ఇలా చేసుకోండి

తిరుపతిలో, బైరాగిపట్టెడలో మా ఇల్లు. పై పోర్షన్‌లో యూనివర్సిటీ పిల్లోళ్లు నలుగురు అద్దెకుంటారు, వాళ్లకూ మా వైఫైనే. నిరుడు మా మేనకోడలికి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ వచ్చింది. రెండో ప్రశ్నకు నోరు తెరిచిందో లేదో, తెర మీద ఎదుటివాళ్ల మొహాలు బిగుసుకుపోయాయి. "మామా, నెట్టు పోయింది!" అని లోపలినుంచి కేక. నెట్టు ఎక్కడికీ పోలేదు. పైన ఒకబ్బాయి గేమ్ అప్‌డేట్ దించుకుంటున్నాడు, ఇంకొకరి ఫోను ఫొటోలన్నీ క్లౌడ్‌లోకి ఎక్కిస్తోంది. పెద్ద మూటలవాళ్లు దారినిండా నిలబడితే, చేతిలో చిన్న చీటీ ఉన్న మా పిల్ల వెనకాల ఇరుక్కుపోయింది.

ఇలాంటప్పుడు ప్లాను పెంచేకంటే ముందు రౌటర్‌లో క్యూఓఎస్ అనే సెట్టింగ్ చూడండి, ఎవరి డేటా ముందు పోవాలో చెప్పేది అదే. కొన్ని కంపెనీలు దీన్నే ట్రాఫిక్ కంట్రోల్ అనో, డివైస్ ప్రయారిటీ అనో పిలుస్తాయి.

మొదట కొలవాలి. రాత్రి తొమ్మిదింటప్పుడు, అంటే వీధంతా నెట్టు వాడే వేళ, ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో రౌటర్‌కు తగిలించి మూడుసార్లు స్పీడ్ టెస్ట్ చేయండి. డౌన్‌లోడ్, అప్‌లోడ్ రెండిట్లోనూ తక్కువ వచ్చిన అంకె రాసిపెట్టుకోండి. తర్వాత విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, పింగ్ అని ఇంగ్లీషులో కొట్టి, జాగా వదిలి 8.8.8.8 (గూగుల్ సర్వర్ అడ్రసు) అని ఇవ్వండి. ఆగకుండా నడవాలంటే చివర మళ్లీ జాగా వదిలి ఒక హైఫన్, దానికి ఆనించి చిన్న టీ అక్షరం పెట్టండి. అది నడుస్తుండగా పెద్ద ఫైలు ఒకటి ఎక్కించండి, ఇంకొకటి దించండి. చిన్న డేటా ముక్క ఒకటి పోయి తిరిగి రావడానికి పట్టే సమయం తెర మీద కనిపిస్తుంది. మా ఇంట్లో ఉత్తప్పుడు అది 8 మిల్లీసెకన్లు ఉండేది, ఆ దెబ్బకు 400 దాటింది. మీ అంకె కదలకపోతే మీకు ఈ తంటా లేనట్టే, ఇక్కడితో ఆపేయొచ్చు.

ఇక లోపలికి వెళ్దాం. బ్రౌజర్‌లో 192.168.1.1 గానీ 192.168.0.1 గానీ కొట్టండి. సరైన అడ్రసు, పాస్‌వర్డ్ పెట్టె అడుగున స్టిక్కర్ మీద ఉంటాయి. ఒక మెలిక ఉంది. చాలా ఇళ్లలో కేబులాయన పెట్టిన ఫైబర్ పెట్టె ఒకటి, మనం కొనుక్కున్న వైఫై పెట్టె ఇంకొకటి ఉంటాయి. మనది యాక్సెస్ పాయింట్ మోడ్‌లో ఉంటే, అంటే వైఫై సిగ్నల్ మాత్రమే ఇస్తుంటే, పరికరాలకు అడ్రసులు పంచే పని ఫైబర్ పెట్టెది. క్యూఓఎస్ పెట్టాల్సింది కూడా అందులోనే. లేదంటే మనదాన్ని రౌటర్ మోడ్‌కు మార్చుకోవాలి.

యాక్సెస్ పాయింట్ చేతిలో ఉండేది గాలిలో నడిచే వరస ఒక్కటే, దాని పేరు డబ్ల్యూఎంఎం. మాట, వీడియో, మామూలు డేటా, తీరిగ్గా పోయే డేటా అని ప్యాకెట్లను, అంటే డేటా ముక్కలను, నాలుగు వరసలు చేస్తుంది. మాటకు అందరికంటే తక్కువ నిరీక్షణ. దీన్ని ఆన్‌లోనే ఉంచండి. ఆపేస్తే 802.11ఎన్, ఆ తర్వాతి వైఫైలు పాతకాలపు 54 ఎంబీపీఎస్‌కు పడిపోతాయి.

అసలు కీలకం క్యూఓఎస్ పేజీలో నెట్టు వేగం అడిగే బ్యాండ్‌విడ్త్ గడి. చాలామంది ప్లాను మీదున్న అంకె వేసి ఊరుకుంటారు, ఆనక ఇది పనిచేయదంటారు. మీరు కొలిచినదాంట్లో 85 నుంచి 90 శాతం మాత్రమే వేయండి. 38 ఎంబీపీఎస్ వస్తే 34. చేతిలో ఉన్నది వదులుకోవడమేంటని మా తమ్ముడు కూడా గొణిగాడు. వైకుంఠం క్యూ కాంప్లెక్స్ గుర్తు తెచ్చుకోండి. జనాన్ని కంపార్ట్‌మెంట్లలో కూర్చోబెట్టి కొద్దికొద్దిగా వదులుతారు కాబట్టే మూడొందల టికెట్ వాళ్లను ఒక లెక్కన, సర్వదర్శనం వాళ్లను ఇంకో లెక్కన పంపగలుగుతారు. అందరినీ ఒక్కసారి మహాద్వారం దగ్గరికి తోలేస్తే అక్కడ టికెట్ చూసేదెవరు? రౌటర్ సంగతీ అదే. మనం కాస్త తగ్గించి పట్టుకుంటే క్యూ మన పెట్టెలో నిలుస్తుంది, వరస మన చేతిలో ఉంటుంది. వదిలేస్తే క్యూ కంపెనీవాళ్ల పెట్టెలో పేరుకుంటుంది, వాళ్లకు మన ఇంటర్వ్యూ సంగతి ఏం తెలుసు? అప్‌లోడ్‌లో ఈ పట్టు గట్టిగా ఉంటుంది. డౌన్‌లోడ్‌లో ప్యాకెట్లు అవతలినుంచి వచ్చేస్తాయి కాబట్టి మన రౌటర్ కొన్నింటిని వదిలేసి, పంపేవాళ్లు జోరు తగ్గించుకునేలా చేస్తుంది. కాస్త మొరటు పద్ధతి, కానీ పనిచేస్తుంది.

ఆ గడి పక్కన కేబీపీఎస్ అని ఉందా, ఎంబీపీఎస్ అని ఉందా చూసుకోండి. నేను కేబీపీఎస్ గడిలో 34 వేసి, ఇంటిల్లిపాదితో తిట్లు తిన్నాను. వెయ్యి కేబీపీఎస్ కలిస్తే ఒక ఎంబీపీఎస్, కాబట్టి అక్కడ 34,000 వేయాలి.

తర్వాత పరికరాలకు వరస ఇవ్వాలి. ఆఫీసు ల్యాప్‌టాప్, వీడియో కాల్ చేసే ఫోను పైన. టీవీ మధ్యలో చాలు, అది కొన్ని సెకన్ల బొమ్మ ముందే దాచుకుంటుంది. క్లౌడ్‌కు ఎక్కించే సీసీ కెమెరా, ఫొటోల బ్యాకప్ అడుగున. రెండు మూడింటికి మించి పైన పెట్టకండి. అందరికీ వీఐపీ బ్రేక్ ఇస్తే అది మళ్లీ సర్వదర్శనమే. గేమ్ ఆడే పిల్లోడిని పైన పెట్టినా నష్టం లేదు, ఆటకు డేటా కొంచెమే. గేమ్ దించుకునేటప్పుడే గొడవ, కాబట్టి రౌటర్ ఒప్పుకుంటే ఆ డౌన్‌లోడ్‌లను విడిగా కిందికి నెట్టండి.

రౌటర్ పరికరాన్ని గుర్తుపట్టేది మ్యాక్ అడ్రస్‌తో, అంటే ఆ పరికరానికి ఉండే గుర్తింపు నంబరుతో. ఇప్పటి ఫోన్లు నిజమైనది దాచి వేరేది చూపిస్తాయి, అది మారిందంటే మీరిచ్చిన వరస ఎగిరిపోతుంది. ఫోన్‌లో ఇంటి వైఫై వరకు ప్రైవేట్ అడ్రస్ సెట్టింగ్ తీసేయండి.

సేవ్ చేసి, రౌటర్ ఆపి వేసి, మొదటి పరీక్షే మళ్లీ చేయండి. మాకు 400 కాస్తా 30 దగ్గర నిలిచింది. పింగ్ బాగుండి కూడా వెనక గదిలో కాల్ తెగుతుంటే అది సిగ్నల్ తంటా. రౌటర్‌కు దగ్గరున్న పరికరాలను 5 గిగాహెర్ట్జ్ వైఫైకి మార్చండి, 2.4 గిగాహెర్ట్జ్ వైఫైలో చానెల్ 1, 6, 11లలో ఖాళీగా ఉన్నది ఎంచుకోండి.

ప్లాను మార్చినప్పుడు ఆ గడి కూడా మార్చుకోవాలి. మేము 100 ఎంబీపీఎస్ ప్లానుకు మారాక నెట్టు 34 దాటడం లేదని కేబులాయన మీద రెండు నెలలు కేకలేశాను. ఆయన వచ్చి, నా రౌటర్ తెరిచి, నేను వేసిన అంకె నాకే చూపించి, టీ తాగి పోయాడు.