ప్రోమో రాయడం ఎలా? మూడో పాఠం: ఎదుటివాడు

కిందటి పాఠంలో గొంతు సంగతి చూశాం. మీ పాత్ర ఏ మాటలు వాడతాడు, ఏ మాట చచ్చినా వాడడు, కోపమొస్తే అరుస్తాడా లేక గొంతు తగ్గిస్తాడా అన్నవి తేల్చుకున్నాం. అభ్యాసం చేసినవాళ్ల చేతిలో ఈపాటికి ఒక మనిషి తయారై ఉంటాడు. వాడికి మైకు ఇచ్చాం. ఇక వాడు దేని గురించి మాట్లాడాలి?

నేరుగా ఈ పాఠంతో మొదలుపెట్టినవాళ్ల కోసం ఒక్క ముక్క. ఈ-ఫెడ్ అంటే రాతలో నడిచే రెజ్లింగ్ కంపెనీ. ఒక్కో రెజ్లర్‌ని ఒక్కో హ్యాండ్లర్, అంటే ఆ పాత్రని రాసే మనిషి, నడుపుతాడు. కార్డులో, అంటే ఆ షో మ్యాచ్‌ల జాబితాలో, ఇద్దరికి మ్యాచ్ పడుతుంది, గడువులోగా ఇద్దరూ తమ ప్రోమోలు పెడతారు. ప్రోమో అంటే మ్యాచ్‌కి ముందు ఎదుటివాణ్ణి ఉద్దేశించి పాత్ర మాట్లాడే మాటలు. చాలా ఫెడ్‌లలో ఎవరి రాత బాగుంటే వాళ్ల పాత్ర గెలుస్తాడు. కొన్నిచోట్ల గెలుపోటములు బుకర్, అంటే ఫెడ్ కథ నడిపేవాడు, ముందే నిర్ణయిస్తాడు. అక్కడ కూడా బుకర్ కన్ను పడేది మంచి ప్రోమో రాసేవాడి మీదే.

కొత్తగా చేరినవాళ్లు రాసే ప్రోమో ఎలా ఉంటుందో చదవకముందే చెప్పొచ్చు. ముప్పాతిక వంతు సొంత డబ్బా, మిగతా పావు వంతు తిట్లు. నేను ఉక్కుని, నేను పిడుగుని, నువ్వు చెత్తవి, ఆదివారం నీ ఎముకలు విరుస్తా. పాపం ప్రోమోలకు మార్కులు వేసే జడ్జి ప్రతి షోకీ ఇలాంటివి వరసపెట్టి చదవాలి. ఉక్కులూ పిడుగులూ అన్నీ కలిసిపోయి చివరికి ఎవడు ఎవడో ఆయనకే గుర్తుండదు.

జానపద కథలో మాంత్రికుడి ప్రాణం ఎక్కడో చిలకలో దాగి ఉన్నట్టు, మీ ప్రోమో ప్రాణం మీ పాత్రలో ఉండదు, ఎదుటివాడిలో ఉంటుంది. లెక్క చాలా సులువు. ఎదుటివాడు చెత్త అని మీరే అన్నారు. రేపు గెలిస్తే చెత్తని గెలిచారు, అందులో గొప్పేముంది? ఓడితే చెత్త చేతిలో ఓడారు, ఇక ముఖం ఎక్కడ పెట్టుకుంటారు? ఎలా చూసినా నష్టపోయింది మీరే. ఎదుటివాణ్ణి ఎంత ఎత్తున నిలబెడితే మీ గెలుపు అంత ఎత్తున ఉంటుంది, ఓటమికీ అంత మర్యాద ఉంటుంది.

దీనికి నేను ఎప్పుడూ చూపించే ఉదాహరణ 1985లోది. అమెరికా ఆగ్నేయంలో జిమ్ క్రాకెట్ ప్రమోషన్స్ అనే రెజ్లింగ్ కంపెనీ నడుస్తున్న రోజులు. కథ ప్రకారం ఛాంపియన్ రిక్ ఫ్లెయిర్, అతని తోడు రెజ్లర్లు ఆండర్సన్‌లు కలిసి అట్లాంటాలోని ఓమ్ని అరీనాలో, ఇనప పంజరంలో బంధించి డస్టీ రోడ్స్ చీలమండ విరగ్గొట్టారు. రోడ్స్ తిరిగొచ్చి, నవంబరులో జరిగే పెద్ద షో స్టార్‌కేడ్‌లో ఫ్లెయిర్ టైటిల్ మీదికి వెళ్లాలి. రోడ్స్‌ని చూస్తే రెజ్లర్ అనిపించడు. బానపొట్ట, తడబడే నాలుక. ప్లంబర్ కొడుకునని తనే చెప్పుకునేవాడు. ఫ్లెయిర్ దానికి పూర్తిగా అవతలి ఒడ్డు. కొలతలిచ్చి కుట్టించుకున్న సూట్లు, లిమోజీన్లు, జెట్ విమానాలు, వేలికి వజ్రాలు.

మనలో ఎవరైనా ఆ ప్రోమో రాస్తే "నా కాలు విరగ్గొట్టావు, నీ కాలు విరగ్గొడతా" అని రాసేవాళ్లం. రోడ్స్ అలా చేయలేదు. నువ్వు నాకూ నా కుటుంబానికీ కష్టకాలం తెచ్చావన్నాడు. అక్కణ్ణుంచి మాట మళ్లించి, అసలు కష్టకాలం అంటే ఏంటో నీకు తెలుసా అని అడిగాడు. బట్టల మిల్లుల్లో పని పోయినవాళ్లు, కార్ల ఫ్యాక్టరీ నుంచి ఇంటికి పొమ్మన్న కార్మికులు, ముప్పై ఏళ్లు పనిచేశాక చేతికో గడియారం పెట్టి, నీ చోటికి కంప్యూటర్ వచ్చింది వెళ్లమని గెంటించుకున్న మనిషి. వీళ్లందర్నీ ఒక్కొక్కరిగా పిలిచి తన వెనక నిలబెట్టుకున్నాడు. తర్వాత కెమెరా వైపు చెయ్యి చాచి, ఇంట్లో ఉన్న మీ చేతిని నా చెయ్యి తాకుతోంది అన్నాడు.

అది ఎవరు చూస్తున్నారో గమనించాలి. క్రాకెట్ కంపెనీ ఉన్నది షార్లట్‌లో. నార్త్, సౌత్ కరోలినాలు బట్టల మిల్లుల నేల, ఆ మిల్లులు మూతపడుతున్న కాలం. రోడ్స్ మాటలు విన్నవాళ్లలో పని పోయినవాళ్లు నిజంగానే ఉన్నారు. ఇంకోటి కూడా చూడండి. ఈ ప్రోమోలోంచి ఫ్లెయిర్‌ని తీసేసి మరొకణ్ణి పెడితే మొత్తం కూలిపోతుంది. ఆ సూట్లూ ఆ విమానాలూ ఉన్నవాడే కావాలి. రోడ్స్ ఫ్లెయిర్‌ని చిన్నబుచ్చలేదు, ఒక కాలం మొత్తానికి గుర్తుగా పెంచాడు. అంతటివాడి నడుమున్న బెల్టు గనక దాని విలువా పెరిగింది.

ఈ ఉదాహరణలోంచే మొదటి పరీక్ష పుడుతుంది. ప్రోమో రాశాక ప్రత్యర్థి పేరు తీసి ఇంకొకడి పేరు పెట్టి చదవండి. ఏమీ మారలేదా? అయితే మీరు రాసింది అచ్చేసిన కరపత్రం. చించేసి మళ్లీ రాయండి.

ఇప్పుడు మన పని. రెండు కల్పిత పాత్రలు తీసుకుందాం. మన పాత్ర 'నైట్ షిఫ్ట్': అమెరికాలో ఓ మాంసం గోదాములో రాత్రి డ్యూటీ చేస్తూ వారాంతాల్లో రింగెక్కే మనిషి. ఎదుట 'ప్రిన్స్ వేలార్': ఓటమి ఎరగని ఛాంపియన్. ముందు చెత్త ముసాయిదా:

"వేలార్! నువ్వు రాజువనుకుంటున్నావా? నా ముందు నువ్వో పురుగువి! ఈ ఆదివారం నీ కిరీటం నేల రాలుతుంది! నైట్ షిఫ్ట్ వస్తున్నాడు, నీకు తెల్లారదు!"

చివరి వాక్యం బాగుందనిపిస్తోంది కదూ? మన తెలుగువాళ్లకు అక్కడే ప్రమాదం. తొడగొట్టే డైలాగులు విని పెరిగాం, రాయబారం సీనుకు వన్స్‌మోర్ కొట్టిన జనం మనం. ప్రాస కుదిరితే చాలు, పని అయిపోయిందనుకుంటాం. సినిమాలో ఆ డైలాగుకి ముందు గంటన్నర కథ నడిచి ఉంటుంది, అందుకే పేలుతుంది. ప్రోమోలో ఆ గంటన్నర కథని కూడా మీరే ఆ నాలుగు పేరాల్లో కట్టాలి. కట్టకుండా పేలిస్తే తడిసిన టపాకాయే.

కాబట్టి కలం పక్కనపెట్టి ముందు ఫలితాల పేజీ తెరవండి. వేలార్ పాత మ్యాచ్‌లు, పాత ప్రోమోలు అన్నీ చదవండి. మన కల్పిత ఫెడ్‌లో ఒక సంగతి కనబడిందనుకుందాం: వేలార్ టైటిల్ కాపాడుకున్న ఏ మ్యాచ్ కూడా పన్నెండు నిమిషాలు దాటలేదు. దాన్ని పట్టుకుని రెండో ముసాయిదా:

"రాత్రి డ్యూటీలో లారీకీ లారీకీ మధ్య ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో నీ మ్యాచ్‌లన్నీ చూశాను వేలార్. పొగడడానికి చెప్పట్లేదు గానీ, మొదటి పన్నెండు నిమిషాల్లో నిన్ను కొట్టేవాడు ఈ కంపెనీలో లేడు. నేనూ కొట్టలేను. నీ ముందు నిలబడ్డ ప్రతివాడూ ఆ పన్నెండు నిమిషాల్లోనే గెలవాలని చూశాడు, అందుకే ఓడాడు. నాకు తొందర లేదు. నేను రాత్రి పదింటికి ఫ్రీజర్‌లోకి వెళ్తే పొద్దున ఆరింటికి బయటికొస్తాను. నాలుగో గంటకి వేళ్లు చచ్చుబడతాయి. ఐదో గంటకి వదిలేసి వెళ్లిపోదామనిపిస్తుంది. ఆరో గంటకి ఏమీ అనిపించదు, ఇక పనే మిగులుతుంది. ఆదివారం నన్ను ఎంత కొట్టాలనుందో కొట్టు. గంట మోగినప్పట్నుంచి నేను నిన్ను గెలవడానికి చూడను, గడియారం చూస్తా. పదమూడో నిమిషం ఎలా ఉంటుందో నీకు తెలీదు. నేను అక్కడే ఉంటాను."

ఇందులో బెదిరింపు లేదు, తిట్టు లేదు. వేలార్ బలం ఒప్పుకున్నాం, అదీ మనస్ఫూర్తిగా. ఆ బలంలోంచే లోటు బయటికి తీశాం. ఆ లోటు కనిపెట్టగలవాడు ఈ మనిషి ఒక్కడే ఎందుకయ్యాడో వాడి బతుకులోంచే చూపించాం. ఫ్రీజర్ ముక్క అలంకారానికి రాలేదు, వాదనకి సాక్ష్యంగా వచ్చింది. పాత్ర పుట్టుపూర్వోత్తరాలు ప్రోమోలో చెప్పాలంటే ఇలాగే, ప్రత్యర్థితో పని పడ్డంత మేరకే చెప్పాలి. మీ గిమ్మిక్ పత్రంలో, అంటే పాత్ర వివరాల కాగితంలో, మూడు పేజీల గతం ఉండొచ్చు, అందులో ఈ వారానికి కావలసింది మూడు వాక్యాలు.

మ్యాచ్ రాసేవాడికి కూడా మీరో సాయం చేశారు. పన్నెండో నిమిషం దాటేదాకా తన్నులు తినడం, పదమూడో నిమిషంలో వేలార్ ముఖంలో మొదటిసారి అనుమానం. కథ వాళ్ల చేతికి అందింది. ఒకవేళ వేలార్ పదకొండో నిమిషంలోనే గెలిచేస్తే? మీ ప్రోమో అబద్ధం కాలేదు, వేలార్ భయపడి తొందరపడ్డాడన్నమాట. రీమ్యాచ్‌కి విత్తనం అక్కడే పడింది. అవతలి హ్యాండ్లర్‌కి జవాబు చెప్పే చోటు కూడా మిగిల్చారు. అతను మంచి రాతగాడైతే, పదమూడో నిమిషం దాకా నన్ను ఎవడూ తీసుకెళ్లలేకపోవడం నా తప్పా అని అడుగుతాడు. అప్పుడు చదివేవాళ్లకు పండగ.

ప్రత్యర్థి మాటలే పట్టుకుని తిప్పికొట్టడం ఇంకో దారి. 1996 జూన్ 23న మిల్వాకీలో కింగ్ ఆఫ్ ద రింగ్ టోర్నీ ఫైనల్లో స్టీవ్ ఆస్టిన్ జేక్ రాబర్ట్స్‌ని ఓడించాడు. ఆ రోజుల్లో రాబర్ట్స్ మారిన మనిషిగా, బైబిల్ మాటలు చెప్పే భక్తుడిగా కనబడేవాడు. అంతకుముందు మ్యాచ్‌లో పెదవి చిట్లి, ఆస్టిన్ కుట్లు వేయించుకుని వచ్చేసరికి రాబర్ట్స్ ఏదో భక్తి ప్రసంగం చేశాడని తెలిసింది. యోహాను సువార్త 3:16 అందరికీ తెలిసిన వచనం. ఆ అంకెలకే తన పేరు తగిలించి ఆస్టిన్ 3:16 అన్నాడు. ఆ ముక్క టీషర్టుల మీదికెక్కి ఒక తరాన్ని ఏలింది. గొప్పతనం ఆ మాటలో ఎంతుందో, వినడంలోనూ అంతే ఉంది. గడువు చివరి రోజున అవతలివాడి ప్రోమో చదవకుండా మీది పెట్టేస్తే ఈ అవకాశం మీకు రాదు.

హీల్ (విలన్) పాత్రలు నడిపేవాళ్లు ఈపాటికి గొణుగుతుంటారు: విలన్ ఎదుటివాణ్ణి పొగుడుతాడా అని. నోటితో పొగడక్కర్లేదు. టీవీలో లేని సౌకర్యం రాతలో ఉంది, మాటల చుట్టూ మనిషిని కూడా చూపించొచ్చు. మీ హీల్ "వాడి పేరే నాకు గుర్తులేదు" అని నవ్వుతాడు, కానీ వాడి బల్ల మీద ఆ పేరు రాసిన టేపులు ఎత్తుగా పేర్చి ఉంటాయి. పాఠకుడికి భయం కనబడింది, పాత్ర పరువూ దక్కింది. అసలు మాట్లాడని పాత్రలకూ దారుంది. 2007లో ది గ్రేట్ ఖలీ వరల్డ్ హెవీవెయిట్ ఛాంపియన్ అయినప్పటి కాలంలో అతని తరఫున రంజిన్ సింగ్ పక్కన నిలబడి మాట్లాడేవాడు. మీరూ ఒక మేనేజర్ని పెట్టుకోండి, అంతే.

ఇక 'పైప్‌బాంబ్' జ్వరం గురించి చెప్పక తప్పదు. 2011 జూన్ 27న లాస్ వేగస్‌లో రెజ్లర్ సీఎం పంక్ స్టేజీ మీద బాసింపట్టు వేసుకు కూర్చుని తను పనిచేసే కంపెనీనే కడిగేశాడు, చివరికి మైకు కోసేశారు. ఆ ప్రోమోకే పైప్‌బాంబ్ అని పేరు. అది చూసి ఉడుకెక్కని హ్యాండ్లర్ లేడు. ప్రతి ఫెడ్‌లోనూ ఎవడో ఒకడు ఓనర్ని తిట్టే షూట్ ప్రోమో, అంటే కథ దాటి నిజం మాట్లాడుతున్నట్టుండే ప్రోమో, పెడతాడు. చాలా విసుగ్గా ఉంటాయవి. పంక్ ఏం చేశాడో వాళ్లు సగమే చూశారు. రింగులో పడి వింటున్న జాన్ సీనాతో, నిన్ను నేను ద్వేషించట్లేదు, ఇక్కడున్న చాలామంది కన్నా నువ్వే నాకు ఇష్టం, నువ్వే అందరికన్నా గొప్పవాడివన్న ఆ నమ్మకాన్ని ద్వేషిస్తున్నా అన్న అర్థంలో మొదలుపెట్టాడు. అంటే అక్కడా ఎదుటివాణ్ణి ముందు నిలబెట్టాడు. పైగా జూలై 17న సొంతూరు షికాగోలో మ్యాచ్, ఆ రాత్రితో కాంట్రాక్టు ముగియడం అనే గట్టి పునాది ఉంది. అవి లేకుండా మైకు కోయించుకుంటే అది ఒట్టి ఫిర్యాదు పెట్టె.

హద్దులు రెండు. అవతలి పాత్ర మీ ప్రోమోలో భయపడ్డాడనో, పారిపోయాడనో, మోకరిల్లాడనో రాయకూడదు. దాన్నే గాడ్‌మోడింగ్ అంటారు, చాలా ఫెడ్‌లలో దాని మీదే మార్కులు కోస్తారు. జరిగినదాన్ని వాడుకోండి, జరగనిదాన్ని అతని నెత్తిన రుద్దకండి. రెండోది, పాత్రనే అనండి, హ్యాండ్లర్ని కాదు. అతని స్పెల్లింగులు, ఉద్యోగం, గడువు తప్పిన సంగతులు కేఫేబ్ గోడకి, అంటే కథనే నిజమన్నట్టు నడిపే కట్టుబాటుకి, ఇవతలివి, రింగులోకి తేకండి.

కొత్తగా చేరినవాడు ఎదురైతే చరిత్ర ఉండదు. అప్పుడు వాడి ఎంట్రన్స్, ఫినిషర్ (మ్యాచ్ ముగించే దెబ్బ) పేరు, మొదటి ప్రోమోలో వాడు ఎక్కువసార్లు వాడిన మాట, ఇవే ఆధారం. అవీ లేకపోతే ఆ ఖాళీనే వాడుకోవచ్చు. ఎవరో తెలియనివాడి ముందు మీ పాత్ర ఎలా ఉంటాడో రాయండి. పాతకాపు అయితే నిర్లక్ష్యం, దెబ్బ తిన్నవాడైతే అతి జాగ్రత్త.

అభ్యాసం. మీ కార్డులో వచ్చే మ్యాచ్ తీసుకోండి. ప్రత్యర్థి నిజంగా బాగా చేసే పని ఒకటి, దానివల్ల వాడికి పడే లోటు ఒకటి, ఆ లోటు మీ పాత్రకే ఎందుకు కనబడుతుందో ఒకటి, ఇలా మూడు వాక్యాలు రాసుకోండి. మూడో వాక్యం రాకపోతే మొదటిది సరిగ్గా ఎంచుకోలేదని లెక్క, వెనక్కి వెళ్లండి. తర్వాత మూడు వందల మాటల ప్రోమో రాయండి. మొదటి వంద మాటల్లో 'నేను', 'నా' రాకూడదు. చేతులు కట్టేసినట్టుంటుంది, ఉండనివ్వండి. రాశాక పేరు మార్చి చదివే పరీక్ష పెట్టండి. ఆ కాగితాన్ని పారేయకండి. నాలుగో పాఠంలో స్థలం, సమయం, చేతిలో వస్తువు గురించి మాట్లాడుకుంటాం, అప్పుడు ఈ మూడు వందల మాటల్నే మళ్లీ తెరుస్తాం.