ఓటరు జాబితాలో పేరు లేదా? మళ్లీ ఫారం 6 వేసే ముందు చూడాల్సినవి

చేతిలో ఓటరు కార్డు ఉన్నంత మాత్రాన ఓటు ఉన్నట్టు కాదు. పోలింగ్ కేంద్రంలో సిబ్బంది ముందు చూసేది జాబితానే. అందులో పేరుండి కార్డు పోయినా ఫర్వాలేదు. ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్స్, పాస్‌పోర్టు, ఉపాధి హామీ జాబ్‌కార్డు, ఫొటో ఉన్న బ్యాంకు పాస్‌బుక్ లాంటి వాటిలో ఏదో ఒకటి చూపించి ఓటెయ్యొచ్చు. కార్డు ఉండి జాబితాలో పేరు లేకపోతే మాత్రం ఆ రోజు ఎవరి కాళ్లు పట్టుకున్నా లాభం లేదు.

పేరు కనబడకపోతే మీసేవకో ఇంటర్నెట్ సెంటర్‌కో పరుగెత్తి ఇంకో ఫారం 6, అంటే కొత్తగా ఓటు నమోదుకు పెట్టే దరఖాస్తు, వేసేవాళ్లే ఎక్కువ. చాలాసార్లు ఇదే అసలు సమస్యను పెంచుతుంది. ముందు జాబితా ఎలా నడుస్తుందో తెలిస్తే ఎక్కడ తెగిందో పట్టుకోవచ్చు.

ప్రతి శాసనసభ నియోజకవర్గానికి ఒక జాబితా. దాన్ని పోలింగ్ కేంద్రాలవారీగా భాగాలు చేస్తారు, ప్రతి భాగంలో మీకో వరుస సంఖ్య. భాగానికో బూత్ స్థాయి అధికారి ఉంటారు, అందరూ బీఎల్‌వో అంటారు. పైన నిర్ణయం తీసుకునేది ఓటర్ల నమోదు అధికారి, అంటే ఈఆర్‌వో. చాలాచోట్ల ఆర్డీవోనే ఈఆర్‌వో, తహసీల్దారు సహాయ ఈఆర్‌వో. దరఖాస్తు అందాక బీఎల్‌వో ఇంటికొచ్చి చూస్తారు, అభ్యంతరాల కోసం వివరాలు ఏడు రోజులు ప్రదర్శనలో ఉంటాయి, ఆ తర్వాతే ఈఆర్‌వో సంతకం.

కార్డు ఉంది, వెతికితే పేరు రావడం లేదు

ముందు ఎన్నికల సంఘం వెబ్‌సైటులో కార్డు నంబరుతో వెతకండి. ఇప్పటి నంబరులో పది అక్షరాలుంటాయి: మొదటి మూడు ఇంగ్లిష్ అక్షరాలు, తర్వాత ఏడు అంకెలు. మొదటి మూడింటిలో ఉండే 'ఓ' అక్షరాన్ని సున్నాగా కొడితే ఏమీ రాదు. ఉమ్మడి రాష్ట్రం నాటి కార్డుల మీద 'ఏపీ' అని మొదలై గీతలతో సాగే పొడవాటి నంబరు ఉంటే దాన్ని వదిలేయండి, వాటికి బదులు పది అక్షరాల నంబర్లు ఇచ్చారు. అప్పుడు పేరు, తండ్రి లేదా భర్త పేరు, వయసు, నియోజకవర్గం ఇచ్చి వెతకాలి. ఇంటిపేరుతో ఒకసారి, ఇంటిపేరు లేకుండా ఒకసారి, పొడి అక్షరంతో ఒకసారి ప్రయత్నించండి. 'లక్ష్మి'ని ఇంగ్లిష్‌లో నాలుగైదు రకాలుగా రాస్తారు, జాబితాలో ఉన్న స్పెల్లింగు మీది కాకపోవచ్చు.

అప్పటికీ రాకపోతే రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైటులో మీ భాగం పీడీఎఫ్ దించుకోండి. అది బొమ్మ రూపంలో ఉంటుంది కాబట్టి కంప్యూటర్‌లో పేరు కొట్టి వెతకడం కుదరదు, కళ్లతో చదవాల్సిందే. మామూలుగా పేర్లు ఇళ్లవారీగా నడుస్తాయి కనుక పక్కింటివాళ్ల పేర్లు దొరికితే మీ ఇల్లు ఆ దగ్గర్లోనే ఉంటుంది. ఈ మధ్యే చేరినవాళ్ల పేర్లు చివర్లో అనుబంధ జాబితాలో ఉంటాయి. చాలామంది అంతదాకా చూడరు.

మీ పేరున్న గడి మీద అడ్డంగా తొలగింపు ముద్ర ఉంటే పక్కనున్న అక్షరం చూడండి. 'ఈ' అంటే చనిపోయారని, 'ఎస్' అంటే ఇల్లు మారారని, 'ఆర్' అంటే పేరు రెండోసారి వచ్చిందని, 'ఎం' అంటే ఆచూకీ లేదని, 'క్యూ' అంటే అనర్హులని. వరుస సంఖ్య ముందు హ్యాష్ గుర్తు మాత్రం ఉంటే భయం లేదు, ఆ వివరాల్లో సవరణ జరిగిందని అర్థం.

బతికున్నా, ఇల్లు మారకపోయినా పేరు తీసేశారు

కారణాలు మూడు రకాలు. బీఎల్‌వో వచ్చినప్పుడు ఇంటికి తాళం ఉండటం, అద్దె ఇంటి యజమాని 'వాళ్లు ఖాళీ చేశారు' అనడం మొదటిది. మీకు ఇంకోచోట ఓటు ఉందని సాఫ్ట్‌వేర్ పోలికలు పట్టడం రెండోది. మూడోది, ఎవరో మీ మీద ఫారం 7, అంటే పేరు తీసెయ్యమనే దరఖాస్తు, వెయ్యడం. 2019 ఎన్నికల ముందు ఆంధ్రప్రదేశ్‌లో ఫారం 7లు లక్షల్లో వచ్చి పడ్డాయి, అసలు ఓటర్ల పేర్లతో వేరేవాళ్లు వేసినవి బయటపడి పోలీసు కేసులు కూడా నమోదయ్యాయి. అందుకే ఎన్నికలకు ఆరు నెలల ముందు నుంచైనా నెలకోసారి మీ పేరు చూసుకోవడం మంచిది.

చనిపోయారన్న కారణం కాకుండా మరే కారణంతో పేరు తీయాలన్నా ముందుగా మీ మాట వినే అవకాశం ఇవ్వాలని 1950 ప్రజా ప్రాతినిధ్య చట్టం 22వ సెక్షన్ చెబుతోంది. విచారణకు రమ్మని నోటీసు వస్తే ఎంత పని ఉన్నా వెళ్లండి, లేదా రాతపూర్వకంగా జవాబివ్వండి. మీ వాదన చెప్పుకునే అవకాశం వదులుకున్నవారికి అప్పీలు హక్కు ఉండదు. ఈఆర్‌వో ఉత్తర్వు మీకు వ్యతిరేకంగా వస్తే 15 రోజుల్లోగా కలెక్టరుకు, అక్కడా కాకపోతే 30 రోజుల్లోగా రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. నోటీసే ఇవ్వకుండా తీసేసి ఉంటే ఆ మాట రాసి ఈఆర్‌వో కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకోండి, ఓటరు హెల్ప్‌లైన్ 1950 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు చెయ్యండి. పేరు ఇప్పటికే పోయింది కాబట్టి ఫారం 6 నిజంగా కావాల్సింది ఇక్కడే. పాత కార్డు నకలు జత చెయ్యండి.

ఊళ్లో ఒకటి, హైదరాబాదులో ఒకటి

ఇది తెలుగు రాష్ట్రాల్లో ఇంటింటి సమస్య. ఊరి ఓటు ఉండగానే నగరంలో ఫారం 6 వేసి, 'నా పేరు ఇంకెక్కడా లేదు' అన్న ప్రకటన కింద సంతకం పెట్టేస్తారు. అది అబద్ధపు ప్రకటన అవుతుంది. అదే 1950 చట్టం 31వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు లేదా జరిమానా లేదా రెండూ పడొచ్చు. రెండు ఓట్లలో ఏది పోతుందో కూడా మీ చేతిలో ఉండదు.

సరైన దారి ఫారం 8. 2022 ఆగస్టు నుంచి ఇల్లు మారినా, నియోజకవర్గం మారినా, పేరులో తప్పున్నా, కార్డు పోయినా అన్నిటికీ ఇదే. ఫారం 8తో మారితే పాత చోట పేరు తొలగి కొత్త చోట చేరుతుంది, కార్డు నంబరు మారదు. పెళ్లయి అత్తగారింటికి వచ్చిన అమ్మాయి కూడా వెయ్యాల్సింది ఫారం 8 మాత్రమే. ఇప్పటికే రెండు చోట్లా ఉంటే, వద్దనుకున్న చోట ఫారం 7 మీరే వేసుకోండి, తొలగింపు పూర్తయ్యేదాకా వెంటపడండి. హాస్టల్లో ఉండే విద్యార్థికి తల్లిదండ్రుల ఊరా, చదువుకునే ఊరా అన్నది తన ఇష్టం, కానీ ఒక్కచోటే.

దరఖాస్తు తిరస్కరించారు, లేదా కదలడం లేదు

రిఫరెన్స్ నంబరుతో స్థితి చూడండి. బీఎల్‌వో దగ్గరే ఆగి ఉంటే చాలాసార్లు ఇల్లు దొరకలేదనే అర్థం. పట్నాల్లో అపార్టుమెంటు పేరు, ఫ్లాట్ నంబరు ఇచ్చి మున్సిపల్ డోర్ నంబరు వదిలేస్తారు. జాబితా నడిచేది డోర్ నంబరు మీద. కరెంటు బిల్లు మీదున్నది ఉన్నట్టు, గీతలతో సహా రాయండి. ఒకే ఇంట్లో భార్యది ఒక బూత్, భర్తది ఇంకో బూత్ కావడానికి కూడా ఇదే కారణం. ఇంట్లో సరిగ్గా ఉన్నవారి కార్డు నంబరును ఫారంలో కుటుంబ సభ్యుల గడిలో రాస్తే ఇద్దరినీ ఒకే భాగంలో పెట్టడం తేలిక.

చిరునామాకు కరెంటు, నీళ్లు లేదా గ్యాస్ బిల్లు, ఆధార్, పాస్‌బుక్, పాస్‌పోర్టు, భూమి రికార్డు, రిజిస్టరైన అద్దె ఒప్పందం పనికొస్తాయి. నోటరీ చేసిన అద్దె కాగితం ఆ పట్టికలో లేదు. తల్లిదండ్రుల పేరు మీదున్న బిల్లు చెల్లుతుంది. ఏ కాగితమూ లేకపోయినా తిరస్కరించడం కాదు, బీఎల్‌వో వచ్చి విచారించి రాయాలి.

వయసు దగ్గర తిరస్కరణలు లెక్క తెలియక వస్తాయి. జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబర్ 1, ఈ నాలుగు తేదీల్లో ఏదో ఒకదానికి 18 నిండి ఉండాలి. 2008 మే 15న పుట్టినవారికి 2026 జులై 1 వర్తిస్తుంది. 17 దాటగానే ముందుగా దరఖాస్తు పెట్టుకోవచ్చు, పేరు మాత్రం ఆ తేదీ వచ్చాకే ఎక్కుతుంది.

తెలుగులో పేరు తప్పుగా పడింది

ఫారంలో ఇంగ్లిష్‌లో పేరు కొడితే తెలుగు గడి దానంతటదే నిండుతుంది. 'రామారావు' కాస్తా 'రమరవు' అయ్యేది అక్కడే. ఆ గడి కిందున్న కీబోర్డుతో దీర్ఘాలు, వత్తులు సరిచేసి, సమర్పించే ముందు తండ్రి లేదా భర్త పేరు గడి కూడా చదవండి. ఇప్పటికే తప్పు పడి ఉంటే ఫారం 8. అక్షరదోషం చిన్నదైతే, మనిషి మీరేనని తేలితే ఓటు ఆపరు.

ఎన్నికల ప్రకటన వచ్చాక గుర్తొచ్చింది

నామినేషన్ల చివరి రోజు గడువు దాటాక జాబితాలో ఒక్క పేరు చేర్చడానికీ, తీయడానికీ, మార్చడానికీ వీల్లేదు. ఏడు రోజుల ప్రదర్శన, విచారణ కలిపి కనీసం పది రోజుల ముందు దరఖాస్తు అందాలి. 2024లో రెండు రాష్ట్రాల్లోనూ నామినేషన్లు ఏప్రిల్ 25తో ముగిశాయి, పోలింగ్ మే 13న. అంటే ఏప్రిల్ 15 దాటాక వేసినవారికి దాదాపు నెల రోజులు ముందున్నా ఆ ఎన్నికకు ఓటు రాలేదు.

విదేశాల్లో ఉన్నారు

వేరే దేశ పౌరసత్వం తీసుకోకపోతే, గ్రీన్‌కార్డు ఉన్నా సరే, పాస్‌పోర్టులోని భారత చిరునామా మీద ఫారం 6ఏ వేసి నమోదు కావచ్చు. కార్డు ఇవ్వరు. పోలింగ్ రోజు స్వయంగా వచ్చి అసలు పాస్‌పోర్టు చూపాలి.

ఎమ్మెల్యే ఓటు ఉంది, ఎమ్మెల్సీ ఓటు లేదు

అవి వేరే జాబితాలు. పట్టభద్రులకు ఫారం 18, ఉపాధ్యాయులకు ఫారం 19. ప్రతి ఎన్నికకూ ఆ జాబితాను కొత్తగా తయారు చేస్తారు, పోయినసారి ఓటేశాం కదా అని ఊరుకుంటే పేరు ఉండదు. అర్హత తేదీ నవంబర్ 1, ఆ రోజుకు డిగ్రీ పూర్తయి మూడేళ్లు కావాలి. పంచాయతీ, మున్సిపల్ వార్డుల జాబితాలు మాత్రం శాసనసభ జాబితా నుంచే తీస్తారు. వార్డు జాబితాలో పేరు లేకపోతే ముందు శాసనసభ జాబితాలో ఉందో లేదో చూడండి. అక్కడ ఉండి వార్డు తప్పుగా పడితే ముసాయిదా మీద అభ్యంతరాల గడువులోనే పంచాయతీ లేదా మున్సిపల్ కార్యాలయంలో రాసివ్వాలి. ఆ గడువు కొద్ది రోజులే ఉంటుంది.