పికప్ కొనాలా, ఆఫ్‌రోడ్ ఎస్‌యూవీ కొనాలా: ఎలా తేల్చుకోవాలి?

మట్టిరోడ్డయినా, బురదయినా ఆగని బండి కావాలనుకునేవాళ్లకు మన దేశంలో ఇప్పుడు రెండు దార్లున్నాయి. ఒకటి టొయోటా హైలక్స్, ఇసుజు వి-క్రాస్ లాంటి డబుల్ క్యాబ్ పికప్, అంటే రెండు వరసల సీట్లూ వాటి వెనక సరుకు వేసుకునే తెరిచిన ట్రాలీ ఉన్న బండి. రెండోది మహీంద్రా థార్, థార్ రాక్స్, మారుతి జిమ్నీ, ఫోర్స్ గూర్ఖా, టొయోటా ఫార్చ్యూనర్ లాంటి ఎస్‌యూవీ. షోరూమ్‌కి వెళ్తే మాటలు హార్స్‌పవర్‌తో మొదలవుతాయి. నన్నడిగితే అది ఆఖర్న చూడాల్సిన సంగతి. ఈ రెండు రకాల బళ్ల మధ్య అసలు తేడా వెనక సీటుకి వెనకాల ఉంది.

హైలక్స్‌నీ ఫార్చ్యూనర్‌నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఇది బాగా తెలుస్తుంది. రెండూ టొయోటా ఐఎంవీ అనే ఒకే రకం చట్రం మీద కట్టినవే. రెంటిలోనూ అదే 2.8 లీటర్ల డీజిల్ ఇంజిన్ దొరుకుతుంది. శక్తి 204 పీఎస్, ఆటోమేటిక్ గేర్లయితే టార్క్, అంటే చక్రాల్ని తిప్పే బలం, 500 న్యూటన్ మీటర్లు. కానీ హైలక్స్ పొడవు 5,325 మిల్లీమీటర్లు, ఫార్చ్యూనర్‌ది 4,795. హైలక్స్ వెనక చక్రాల మీద లారీకి ఉన్నట్టు కమాన్ పట్టీలుంటాయి, ఫార్చ్యూనర్‌కి కాయిల్ స్ప్రింగులు. ఒకటి బరువు మోయడానికి చేసిన బండి, ఇంకొకటి మనుషుల్ని మోయడానికి. కింద చెప్పేదంతా ఈ తేడా మీ ఇంటికి ఎంతవరకు వర్తిస్తుందో లెక్క కట్టడమే.

1. వెనక ఏం వేస్తారో కాగితం మీద రాయండి

గడిచిన ఆరు నెలల్లో మీ కారులో పట్టక వేరే బండి మాట్లాడుకోవాల్సి వచ్చిన సందర్భాలు గుర్తు చేసుకుని రాయండి. ఎరువుల బస్తాలు, దాణా, మోటారు, పైపులు, మామిడి ట్రేలు, డీజిల్ క్యాన్లు, సిమెంటు, ఏదైనా సరే. పక్కన రెండు విషయాలు వేయండి: అది ఎంత తరచుగా జరుగుతుంది, ఆ సరుకు మురికిదా శుభ్రమైనదా.

రెండో ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది కానీ చాలా ఇళ్లలో నిర్ణయం దాంతోనే తేలిపోతుంది. చేపల మేత, పశువుల దాణా, పురుగుమందు డబ్బాలు మూసిన కారులో వేస్తే ఆ వాసన నెలల తరబడి వదలదు. భీమవరం వైపు చెరువులున్నవాళ్లకీ, నూజివీడు దగ్గర మామిడి తోటలున్నవాళ్లకీ ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. అలాంటి సరుకు వారానికి ఒకసారైనా మోసేవాళ్లకి పికప్ కొనడంలో అర్థముంది. పని అయ్యాక ట్రాలీలో పైపు పెట్టి కడిగేయొచ్చు.

ఏడాదికి ఒకటి రెండుసార్లు ఫ్రిజ్జో మంచమో మార్చడానికైతే మాత్రం పికప్ దండగ. ఊళ్లో టాటా ఏస్ మాట్లాడుకుంటే పని అయిపోతుంది, లోడెత్తే మనిషి కూడా వాళ్లతోనే వస్తాడు. నగరంలో తిరుగుతున్న పికప్‌లు చాలావాటి ట్రాలీలో గీత కూడా పడి ఉండదు. చూడ్డానికి బాగుంటుందని కొన్నవాళ్లని తప్పుపట్టను, కానీ దానికి అవసరం అని పేరు పెట్టుకోకూడదు.

ఒక హెచ్చరిక. ట్రాలీ మనుషులు కూర్చునే చోటు కాదు. పెళ్లికో తీర్థానికో పదిమందిని వెనక ఎక్కించుకుందాం అనే ఆలోచన మీ లెక్కలో ఉంటే ఇప్పుడే కొట్టేయండి. అక్కడ సీటు లేదు, బెల్టు లేదు. ప్రమాదం జరిగితే బీమా క్లెయిమ్ కూడా చిక్కుల్లో పడుతుంది.

2. బరువు లెక్క వేయండి

పికప్ అనగానే టన్ను మోస్తుందనుకుంటారు. సొంత వాడకానికి అమ్మే డబుల్ క్యాబ్ బళ్ల సంగతి అది కాదు. బ్రోషర్‌లో రెండు అంకెలు వెతకండి: ఖాళీ బండి బరువు, నిండు లోడుతో అనుమతించిన మొత్తం బరువు. రెండో దాంట్లోంచి మొదటిది తీసేయండి. మిగిలిందే మీరు మోయగలిగింది, అందులో మనుషులు కూడా కలిసే ఉంటారు.

తేడా 500 కిలోలు వచ్చిందనుకోండి. ఐదుగురు పెద్దవాళ్లు ఎక్కితే 350 కిలోల దాకా వాళ్లకే పోతుంది. మిగిలింది 150. ఇప్పుడు యూరియా బస్తా 45 కిలోలు కాబట్టి మూడు బస్తాలతో సరి. తర్వాత మీరు బిగించుకునే ఇనప క్యారియర్, ట్రాలీ మూత, అదనపు బంపర్ బరువు కూడా ఇందులోంచే పోతుంది. రోజూ అరటన్ను దాటే పనయితే మీకు కావాల్సింది సరుకు రవాణాకు చేసిన, ఒక్క వరస సీట్లే ఉన్న సింగిల్ క్యాబ్ పికప్. ఈ వ్యాసంలో మాట్లాడుకుంటున్న రెండు రకాలూ మీకు పనికిరావు.

3. టేపు తీసుకుని ఇంటికీ గట్టుకీ కొలతలు వేయండి

అపార్టుమెంట్లలో కారుకి గీసే గడి పొడవు మామూలుగా 5 మీటర్లు. 5,325 మిల్లీమీటర్ల బండి అందులో పెడితే ముక్కో తోకో అడుగుకి పైగా బయట ఉంటుంది. సెల్లార్ ర్యాంపు మలుపు, పైన పైపుల ఎత్తు, గేటు వెడల్పు కూడా చూసుకోండి. సొంత ఇల్లయినా సందు మలుపు తిరుగుతుందో లేదో కొలవాల్సిందే.

పొడవు గొడవ ఇంటి దగ్గరే ఆగదు. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం పెరిగేకొద్దీ కాలవగట్టు ఎక్కి దిగేటప్పుడు బండి పొట్ట నేలకి తగిలే అవకాశం పెరుగుతుంది. ఆ దూరం మూడు తలుపుల థార్‌కి 2,450 మిల్లీమీటర్లు, జిమ్నీకి 2,590, ఫార్చ్యూనర్‌కి 2,745, థార్ రాక్స్‌కి 2,850, హైలక్స్‌కి 3,085. పైగా పికప్‌కి వెనక చక్రం దాటాక కూడా చాలా తోక ఉంటుంది. గుంతలోంచి పైకి ఎక్కుతుంటే ముందు సాఫీగా వెళ్లి, చివర్లో ఆ తోక నేలకి గీసుకుంటుంది. కోనసీమ గట్ల మీద, ఏజెన్సీ ఊళ్ల ఇరుకు మలుపుల్లో పొట్టి బండికున్న సుఖం పొడుగు బండికి ఉండదు. షికారు కోసమే ఆఫ్‌రోడ్ అయితే, అంటే రాళ్లూ గుట్టలూ ఎక్కడమే సరదా అయితే, ఇక్కడితో ఆగిపోయి చిన్న ఎస్‌యూవీ తీసుకోండి.

4. మీరు వెళ్లే నేల ఎలాంటిదో చూడండి

నల్లరేగడి వానకి తడిస్తే టైరు గాళ్లలో నిండిపోయి టైరు నున్నగా తయారవుతుంది. అప్పుడు ఎంత శక్తి ఉన్నా చక్రం అక్కడే తిరుగుతుంది. అలాంటి చోట తేలికైన బండి గెలుస్తుంది. జిమ్నీ బరువు సుమారు 1,200 కిలోలు, హైలక్స్ రెండు టన్నులకు పైనే. సూర్యలంక లాంటి తీరంలో మెత్తటి ఇసుక దగ్గరా అంతే, బరువైన బండి ముందు దిగబడుతుంది.

ఖాళీ పికప్‌కి ఇంకో ఇబ్బంది ఉంది. ఇంజిన్ ముందుంది, వెనక ఏమీ లేదు. వెనక చక్రాల మీద బరువు లేక తడి రోడ్డు మీద, జారుడు ఎత్తుల్లో అవే ముందు జారతాయి. గుంతల్లో కమాన్ పట్టీలు ఎగరేస్తాయి కూడా. ఓ రెండు వందల కిలోలు వేస్తే అదే బండి బుద్ధిగా నడుస్తుంది. ఖాళీగా తిప్పేవాళ్లు పికప్‌ని తిట్టుకోవడం, లోడుతో తిప్పేవాళ్లు మెచ్చుకోవడం ఇందుకే.

వానాకాలం చప్టాల సంగతి వేరే చెప్పాలి. కంపెనీలు ఎంత లోతు నీళ్లలో వెళ్లగలదో చెబుతాయి. థార్‌కి 650 మిల్లీమీటర్లు, హైలక్స్‌కి 700. ఆ అంకె నిలిచిన నీటికి. పారే వాగు బండిని పక్కకు నెడుతుంది, మోకాలి లోతు ప్రవాహం చాలు. ఆ 50 మిల్లీమీటర్ల తేడా చూసి బండి ఎంచుకోవద్దు.

5. అది నిజంగా ఫోర్ వీల్ డ్రైవేనా?

ఫోర్ వీల్ డ్రైవ్ అంటే ఇంజిన్ శక్తి నాలుగు చక్రాలకీ అందడం. రూపం చూసి మోసపోయే చోటు ఇదే. 2023 జనవరి నుంచి థార్ వెనక చక్రాలకు మాత్రమే శక్తి అందే రకంలో కూడా వస్తోంది. థార్ రాక్స్‌లో ఫోర్ వీల్ డ్రైవ్ డీజిల్‌కే ఉంది. ఫార్చ్యూనర్, వి-క్రాస్‌లలో కూడా టూ వీల్ డ్రైవ్ రకాలున్నాయి. బయటినుంచి చూస్తే తేడా తెలియదు. మీరు బుక్ చేసే వేరియంట్‌లో లో-రేంజ్ గేరు, అంటే నెమ్మదిగా ఎక్కువ బలంతో లాగే 4ఎల్, ఉందో లేదో కాగితం మీద చూసుకోండి. తర్వాత వెనక డిఫరెన్షియల్ లాక్ ఉందా అని అడగండి. ఒక చక్రం గాల్లో లేచినప్పుడు రెండో చక్రానికి శక్తి అందించేది అదే. హైలక్స్‌లో అది ఉంది, గూర్ఖాలో ముందూ వెనకా రెండు చోట్లా ఉంది.

సగం మందికి తెలియని మాట ఇంకోటి. ఈ బళ్లలో ఎక్కువవాటిని పొడి తారు రోడ్డు మీద 4హెచ్‌లో, అంటే మామూలు వేగానికి వాడే ఫోర్ వీల్ డ్రైవ్‌లో, నడపకూడదు. ముందు, వెనక ఇరుసులు ఒకే వేగంతో తిరిగేలా బిగిసిపోతాయి కాబట్టి మలుపుల్లో గేర్ల మీద ఒత్తిడి పడుతుంది. హైవే వానలో భద్రత కోసం ఎప్పుడూ ఫోర్ వీల్ డ్రైవ్‌లో పెట్టుకుని వెళ్లాలన్నది మీ ఆశ అయితే, సేల్స్‌మన్‌ని ఈ ఒక్క విషయం సూటిగా అడగండి.

6. ఇంట్లోవాళ్లని వెనక కూర్చోబెట్టండి

అమ్మానాన్నల్ని, పిల్లల్ని షోరూమ్‌కి తీసుకెళ్లండి. చీరకట్టులో ఉన్న పెద్దావిడ సాయం లేకుండా ఎక్కి దిగగలిగితే బండి సగం పాసైనట్టే. డబుల్ క్యాబ్ పికప్ వెనక సీటు వీపు నిటారుగా ఉంటుంది, హైదరాబాద్ నుంచి తిరుపతి దాకా దానిమీద కూర్చోవడం వృద్ధులకి కష్టం. మూడు తలుపుల థార్‌లో వెనక్కి వెళ్లాలంటే ముందు సీటు మడవాలి. థార్ మూడు తలుపులదీ జిమ్నీ రెండూ నలుగురికే. జిమ్నీ డిక్కీ వెనక సీట్లు ఎత్తి ఉంచితే 208 లీటర్లే, రెండు పెద్ద సూట్‌కేసులు పట్టవు. ఏడుగురు ఎక్కాలంటే ఈ జాబితాలో ఫార్చ్యూనరూ, ఐదు తలుపుల గూర్ఖా.

పికప్‌లో సామాను సంగతి కూడా ఆలోచించండి. ట్రాలీలో పెట్టిన బ్యాగులు వానకి తడుస్తాయి, మట్టిరోడ్డులో దుమ్ముకొట్టుకుపోతాయి. దాబా దగ్గర ఆగితే తినేంతసేపూ కళ్లు బండి మీదే. గట్టి మూత బిగిస్తే ఆ టెన్షన్ తగ్గుతుంది, కానీ దాని ఖర్చు ధరలో కలుపుకోండి.

7. కాగితాలు, సర్వీసు

పికప్ కొనేటప్పుడు అది సొంత వాహనంగా తెల్ల నంబరు ప్లేటుతో రిజిస్టర్ అవుతుందా, సరుకు వాహనంగా పసుపు ప్లేటుతోనా అని డీలర్ దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి. పసుపు ప్లేటయితే పన్ను, బీమా, ఫిట్‌నెస్ లెక్కలన్నీ మారతాయి. లైఫ్ ట్యాక్స్ శాతం ధరతో పాటు పెరుగుతుంది కనుక ఎక్స్-షోరూమ్ ధర చూసి కాదు, ఆన్-రోడ్ కొటేషన్ చూసి పోల్చండి.

వి-క్రాస్ తిరుపతి జిల్లా శ్రీసిటీలోనే తయారవుతుంది, ఇసుజు అక్కడ 2016లో ప్లాంటు తెరిచింది. అలాగని సర్వీస్ సెంటర్ మీ ఊళ్లో ఉంటుందని కాదు. మహీంద్రా, మారుతి అంత దగ్గర దగ్గరగా ఇసుజు కేంద్రాలు లేవు. మీ ఇంటినుంచి దూరం చూసుకుని, మామూలు విడిభాగాలు ఎన్ని రోజుల్లో వస్తాయో అక్కడికే ఫోన్ చేసి అడగండి. తిరిగి అమ్మే రోజు గురించి కూడా ఒక మాట. పాత ఫార్చ్యూనర్‌కి కొనేవాళ్లు వెతుక్కుంటూ వస్తారు, పాత పికప్‌కి మీరే వెతుక్కోవాలి.

కొన్నాక మార్చుకుందాం అని ప్లాన్ చేసేవాళ్లు కాస్త ఆగండి. బండి ముందు ఇనప గార్డులు పెట్టడాన్ని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే ఆపించింది. కంపెనీ తయారుచేసిన రూపాన్ని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఎత్తు పెంచే కిట్లు, అతి పెద్ద టైర్లు మనసులో పెట్టుకుని కొంటే తర్వాత ఇబ్బంది. కంపెనీ ఇచ్చిన స్థితిలోనే మీ పనికి సరిపోయే బండి చూసుకోండి.

8. రెండూ నడిపి చూడండి

టెస్ట్ డ్రైవ్ అంటే షోరూమ్ చుట్టూ ఒక రౌండు కాదు. మీరు రోజూ వెళ్లే గుంతల రోడ్డు మీద, ఒకసారి ఒంటరిగా, ఒకసారి వెనక సీట్లో ముగ్గురితో నడపండి. పికప్ అయితే ట్రాలీలో కొంత బరువు వేయనిస్తారేమో అడగండి. ఇరుకు చోట రివర్స్ చేసి చూడండి.

ఇన్ని చూశాక కూడా తేలకపోతే మొదటి కాగితం తీయండి. మురికి సరుకు వారం వారం ఉంటే పికప్, లేదంటే ఎస్‌యూవీ. రెండూ సమానంగా ఉన్నాయనిపిస్తే నేను ఎస్‌యూవీ వైపే మొగ్గుతాను, ఎందుకంటే సరుకుకి బండి అద్దెకు దొరుకుతుంది, మనుషుల సుఖం దొరకదు.

డెలివరీ రోజు డబ్బు పూర్తిగా కట్టే ముందు బండిని మట్టినేల మీదకి తీసుకెళ్లి 4హెచ్, 4ఎల్ రెండూ పడుతున్నాయో చూడండి. స్టెప్నీ టైరు మిగతా నాలుగింటి సైజులోనే ఉందా, జాకీ ఎక్కడ దాచారు, లాగడానికి కొక్కెం ముందూ వెనకా ఎక్కడుందో అడిగి తెలుసుకోండి. పికప్‌కి స్టెప్నీ బండి కిందే వేలాడుతుంది కాబట్టి దాన్ని దించే రాడ్డు వాడటం అక్కడే ఒకసారి చేయించుకోండి.