మెమరీని విడుదల చేసిన స్టాక్‌ను ముందు చదవండి
లినక్స్ కెర్నల్ నెట్‌వర్క్ కోడ్‌లో, అప్పటికే విడుదలైన మెమరీని మళ్ళీ చదివినట్టు కాసాన్ (కెర్నల్‌లో మెమరీ తప్పులను పట్టే సాధనం) నివేదిక ఇస్తే, తప్పు బయటపడిన చోటు కంటే ముందుగా ఆ మెమరీని ఎవరు విడుదల చేశారో చూపే కాల్ స్టాక్‌ను, అంటే ఏ ఫంక్షన్ ఏ ఫంక్షన్‌ను పిలిచిందో చూపే వరుసను, చదవండి. అందులో ‘పీఎస్‌కేబీ ఎక్స్‌పాండ్ హెడ్’ (ప్యాకెట్‌కు కొత్త బఫర్ కేటాయించే ఫంక్షన్) కనిపిస్తే లోపం దాదాపు దొరికినట్టే. హెడర్‌ను ముందరి బఫర్‌లోకి తెచ్చే ‘పీఎస్‌కేబీ మే పుల్’ ఫంక్షన్‌ను పిలిచినప్పుడు, ప్యాకెట్‌లో కావలసిన హెడర్ విడి ముక్కల్లో ఉండి, ముందరి బఫర్‌లో చోటు చాలకపోతే, కెర్నల్ కొత్త బఫర్ తీసుకుని పాతదాన్ని వదిలేస్తుంది, అంతకుముందు ఐపీ హెడర్ కోసం దాచుకున్న పాయింటర్ మాత్రం ఆ పాత చోటునే చూపుతూ ఉంటుంది. కనుక ఆ పిలుపు తర్వాత పాయింటర్‌ను, ఐపీ హెడర్ చిరునామా ఇచ్చే ‘ఐపీ హెచ్‌డీఆర్’ ఫంక్షన్‌తో మళ్ళీ తీసుకోవాలి. మామూలు ప్యాకెట్లలో హెడర్లు సాధారణంగా ముందరి బఫర్‌లోనే ఉంటాయి, అందుకే ఈ లోపం పరీక్షలకు సులభంగా చిక్కదు.