సిరా కిటికీ పెట్టిన చేతి పెన్ను: ఎక్కడ చెడుతుంది, ఎలా బాగుచేయాలి

పెన్ను గొట్టాలు చేసే ఎబొనైట్‌కు (గంధకం కలిపి గట్టిపరిచిన రబ్బరు) దయ ఎక్కువ. లోపల రంధ్రం కాస్త పక్కకు పోయినా, డ్రిల్ గీతలు పడినా, జిగురు కారినా నల్లగా కప్పేస్తుంది. ఆ గొట్టం మధ్యలో పది పన్నెండు మిల్లీమీటర్ల పారదర్శక యాక్రిలిక్ ప్లాస్టిక్ ముక్కను సిరా కనిపించే కిటికీగా అతికించిన రోజు నుంచి మన పనితనమంతా వీధిన పడుతుంది.

రాజమహేంద్రవరంలో కోసూరి వెంకటరత్నం గారు 1932లో మొదలుపెట్టిన రత్నం పెన్నుల నుంచి మన దగ్గర చేతి పెన్ను (చేత్తో చేసిన పెన్ను) అంటే ప్రధానంగా ఎబొనైట్ గొట్టంలోకి డ్రాపర్‌తో నేరుగా సిరా పోసుకునేదే. లోపల ఎంత మిగిలిందో తెలియాలంటే చెవి దగ్గర పెట్టి ఊపి చూడాలి, లేదా మర విప్పాలి. ఆ బాధ తీర్చేదే కిటికీ. జర్మనీలో పెలికాన్ 1929లో తెచ్చిన తన మొదటి ఫౌంటెన్ పెన్నులోనే సిరా కనిపించే ఏర్పాటు చేసింది. ఇక్కడ చెప్పేవన్నీ డ్రాపర్ పెన్ను గురించే. ఒక అలవాటు మాత్రం ముందే చెప్పాలి: అతికించిన ప్రతి గొట్టంలోనూ మొదట నీళ్లు పోసి, టిష్యూ కాగితం చుట్టి ఒక రాత్రి పడుకోబెట్టండి. సిరా ఆ తరువాతే.

కిటికీ పాలు కలిపినట్టు మసకగా ఉంది

బయట ఎంత పాలిష్ పెట్టినా మసక పోకపోతే తప్పు లోపలి గోడలో ఉంది. డ్రిల్ వేడెక్కి యాక్రిలిక్‌ను కోయకుండా కరిగించి పూసింది. పని జరుగుతుండగానే ఇది తెలుస్తుంది: సరిగ్గా కోస్తే పొట్టు పొడవాటి రిబ్బనులా బయటికి వస్తుంది, వేడెక్కితే డ్రిల్ కీచుమంటుంది, పొట్టు ముద్దకట్టి డ్రిల్ గాడిలో ఇరుక్కుంటుంది. ఆ చప్పుడు విన్నాక ఒక్క మిల్లీమీటరు కూడా ముందుకు నెట్టకండి.

9 మిల్లీమీటర్ల రంధ్రం కావాలంటే నేను 6తో మొదలుపెట్టి, 8, 8.8 దాకా వెళ్లి, చివరికి రీమర్ (రంధ్రాన్ని నున్నగా, సరైన కొలతకు తెచ్చే పనిముట్టు) వాడతాను. సబ్బు నీళ్లు చుక్కలుగా వేస్తూ, ప్రతి మూడు నాలుగు మిల్లీమీటర్లకు డ్రిల్ బయటికి లాగి పొట్టు దులుపుతాను. ఇప్పటికే మసకబారి ఉంటే ఒక కర్రపుల్లకు వాటర్ పేపర్ (తడిగా రుద్దే గరుకు కాగితం, అంకె పెరిగేకొద్దీ నునుపు) చుట్టి, తడిగా 600, 1000, 1500, 2000 వరుసలో లోపల తిప్పండి. ఏ మెట్టూ దాటవేయవద్దు. 600 వదిలిన గీతను 2000 చెరపలేదు, మెరిపించి మరీ చూపిస్తుంది. ఈ పనంతా కిటికీ ముక్క విడిగా ఉండగానే. అతికించాక లోపలికి చేయి పోదు.

వెండి తీగల్లాంటి సన్నని పగుళ్లు

ఇది అసలైన గుండెకోత. పెన్ను ఇచ్చిన వారం పది రోజులకు, దీపం కింద వాలుగా పట్టుకుంటే మరల దగ్గర నుంచి వెంట్రుకల్లాంటి గీతలు మెరుస్తాయి. లేత్ మీద పడిన ఒత్తిడి యాక్రిలిక్‌లో దాగి ఉంటుంది. దానికి స్పిరిట్ తగిలిందా, పగుళ్లు విచ్చుకుంటాయి. జిడ్డు పోవాలని స్పిరిట్ దూదితో తుడిచి నేనూ రెండు పెన్నులు పోగొట్టుకున్నాను.

పగిలినదానికి మందు లేదు, ముక్క మార్చడమే. రాకుండా ఉండాలంటే కోత పూర్తయిన యాక్రిలిక్ ముక్కను అతికించే ముందు 80 డిగ్రీల వేడిలో కొన్ని గంటలు ఉంచి, ఓవెన్ తలుపు తీయకుండా మెల్లగా చల్లారనివ్వండి. అతికించాక మాత్రం ఈ పని చేయకూడదు, ఆ వేడికి ఎబొనైట్ మెత్తబడి వంగుతుంది. తుడవడానికి ఎప్పుడూ సబ్బు నీళ్లే.

అతుకు దగ్గర సిరా గీత

కిటికీకి, ఎబొనైట్‌కు మధ్య నీలి దారంలాంటి గీత కనిపిస్తే సిరా జిగురులోకి చొరబడిందన్నమాట. త్వరగా పట్టే సూపర్ గ్లూ వాడి ఉంటారు. అది పెళుసు, పైగా దాని ఆవిరి యాక్రిలిక్ మీద తెల్లటి పొర వేస్తుంది. లేదా నున్నగా పాలిష్ పట్టిన ముఖాల మీద జిగురు రాసి ఉంటారు.

విడదీసి, రెండు ముఖాలనూ 220 కాగితంతో గరుకు చేసి, సబ్బుతో కడిగి ఆరబెట్టి, నిదానంగా గట్టిపడే ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపి వాడే జిగురు) వాడండి. అంచుకు అంచు అతికించకుండా మరలు కోసి బిగిస్తే పట్టు పెరుగుతుంది. అయితే మరలు బిర్రుగా ఉండకూడదు, జిగురు నిలవడానికి కొంచెం చోటు కావాలి. ఎపాక్సీలో చిటికెడు నల్ల రంగుపొడి కలిపితే పారదర్శక గోడలోంచి మరలు కనబడవు. 24 గంటల దాకా లేత్ మీదికి ఎక్కించవద్దు.

సిరా అయిపోయినా కిటికీ నిండుగానే కనిపిస్తోంది

పాళీ ఉండే మెడ మరలకు సిరా కారకుండా రాసిన సిలికాన్ గ్రీజు లోపలికి పాకింది. జిడ్డు మీద సిరా జారదు, ముత్యాల్లా అంటుకుని ఉంటుంది. గిన్నెలు తోమే ద్రవం ఒక చుక్క, గోరువెచ్చని నీళ్లు, సన్నని బ్రష్. గ్రీజు రెండు మరల మేరకు చాలు. ఎరుపు, ఊదా సిరాల మరక వేరు, అది కొంతవరకే పోతుంది. కిటికీ పెన్నులో ఆ రంగులు వారాల తరబడి నిలవ ఉంచకపోవడం మేలు.

పెన్ను కక్కుతోంది

కిటికీ పెట్టడం వల్లే కారుతోందని చాలామంది తిరిగి తెస్తారు. కిటికీ తప్పు కాదు, గాలిది. 3 మిల్లీలీటర్ల గొట్టంలో మూడింట రెండు వంతులు ఖాళీ అయితే 2 మిల్లీలీటర్ల గాలి ఉంటుంది. చేతి వేడికి అది పది డిగ్రీలు పెరిగితే దాదాపు 0.07 మిల్లీలీటర్లు వ్యాకోచిస్తుంది. సిరా చుక్క సుమారు 0.05. ఆ మిగులు నాలుకను (పాళీ కింద సిరా అందించే ముక్క) దాటి పాళీ మీదికి, అక్కడి నుంచి కాగితం మీదికి వస్తుంది. గొట్టం గోడ 2 మిల్లీమీటర్లకు తగ్గకుండా చూసుకోండి. కిటికీని మూత మరలకు సరిగ్గా వెనక పెడితే, పాళీ కిందికి పట్టుకున్నప్పుడు సిరా మట్టం కిటికీలోకి దిగడమే గుర్తు: మళ్లీ పోయాలి.

అతుకు మీద గోరు తగులుతోంది

చూపుకు ఆనదు, గోటికి తెలుస్తుంది. వాటర్ పేపర్‌ను వేలితో నొక్కి పట్టుకుంటే రెండు పదార్థాలూ ఒకేలా అరగవు, మెట్టు పడుతుంది. కాగితాన్ని చదునైన చెక్కముక్కకు చుట్టి, అతుకుకు రెండు వైపులా ఆనేలా పట్టండి. గుడ్డ చక్రం మీద ఎక్కువసేపు పాలిష్ పట్టినా ఈ మెట్టు మళ్లీ వస్తుంది.

కొన్నాళ్లకు ఎబొనైట్ గోధుమరంగుకు తిరిగి కిటికీ పక్కన వెలిసినట్టు కనిపిస్తే ఎండ చూసిందని అర్థం: అందులోని గంధకం వెలుతురుకు మారుతుంది. 2000 కాగితంతో తడిగా పైపొర తీసి పాలిష్ పడితే నలుపు తిరిగి వస్తుంది. అమ్మకానికి పెట్టినవాటిని మాత్రం అద్దాల బీరువాలో ఎండ తగిలేచోట ఉంచకండి.