పసిపిల్లల వస్తువుల విలేకరి – 3వ పాఠం: పెట్టె వెనక్కి తిప్పి చదవడం

పోయిన పాఠం చివర ఒక పని అప్పగించాను. విజయవాడ బీసెంట్ రోడ్డులోనో, వన్ టౌన్ షాపుల్లోనో, గుంటూరు వాళ్లయితే పట్నంబజారులోనో పసిపిల్లల వస్తువు ఒకటి సొంత డబ్బుతో కొని, పెట్టె విప్పకుండా బిల్లుతో సహా దాచమన్నాను. ఇప్పుడు దాన్ని ముందు పెట్టుకోండి. కంపెనీ ఉచితంగా పంపిన వస్తువు ఈ పాఠానికి పనికిరాదు. షాపుకు వెళ్లిన తల్లి చేతికి ఏది వస్తుందో అదే మనకు కావాలి.

నోటు పుస్తకంలో ఎదురెదురు పేజీలు తెరవండి. పెట్టె ముందువైపు ఉన్న మాటలన్నీ ఎడమ పేజీలో ఉన్నవి ఉన్నట్టు ఎక్కించండి. వెనకవైపువి కుడి పేజీలో రాయండి. ముందువైపు కంపెనీ తన గురించి చెప్పుకోవాలనుకున్నది ఉంటుంది. వెనకవైపు చాలా భాగం చట్టం రాయించినది. తయారు చేసినవారి లేదా దిగుమతి చేసుకున్నవారి పేరు, చిరునామా, తయారైన నెల, సంవత్సరం, ఎంఆర్‌పీ, ఫిర్యాదు చేయడానికి ఫోన్, ఈమెయిల్, దిగుమతి సరుకైతే ఏ దేశానిదో, ఇవన్నీ ఉండాలని 2011 నాటి లీగల్ మెట్రాలజీ (తూనికలు, కొలతల) ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనలు చెబుతున్నాయి. వీటిలో ఏది కనిపించకపోయినా అక్కడ గీత గీయండి. మీ మొదటి ప్రశ్న దొరికినట్టే.

ఎడమ పేజీలో 'డాక్టర్లు సిఫారసు చేసినది' అని ఉందనుకోండి. ఏ డాక్టర్లు, ఎంతమంది, వాళ్లను అడిగిందెవరు? కుడి పేజీలో జవాబు లేకపోతే కస్టమర్ కేర్‌కు ఈమెయిల్ పెట్టండి. ఫోన్‌లో అడిగితే అవతల తియ్యగా మాట్లాడి పెట్టేస్తారు, మీ దగ్గర ఏమీ మిగలదు. రాసి అడిగితే, జవాబు రాకపోయినా, అడిగిన తేదీతో సహా ఆ విషయం పాఠకులకు చెప్పగలరు. విలేకరినని, ఫలానా తేదీలోగా జవాబు కావాలని అందులో స్పష్టంగా రాయండి. 'కెమికల్ ఫ్రీ' అనే మాటకు మాత్రం ఈమెయిల్ కూడా అక్కర్లేదు. నీళ్లు కూడా రసాయనమే కాబట్టి ఆ మాట ఏ సబ్బుకూ, ఏ షాంపూకూ వర్తించదు. మీ కథనంలోకి దాన్ని రానివ్వకండి.

బొమ్మ మీద నంబరు

మీరు కొన్నది ఆట బొమ్మ అయితే ఐఎస్‌ఐ గుర్తు వెతకండి. 14 ఏళ్ల లోపు పిల్లల బొమ్మలకు అది 2021 జనవరి 1 నుంచి తప్పనిసరి. గుర్తు పైన ఐఎస్ 9873 అని ఉంటుంది, కరెంటుతోనో బ్యాటరీతోనో నడిచే వాటికైతే ఐఎస్ 15644. కింద సీఎం/ఎల్ అన్న అక్షరాల తర్వాత లైసెన్సు నంబరు ఉంటుంది. ఐఎస్‌ఐ గుర్తు ఇచ్చే భారత ప్రమాణాల సంస్థ పేరు బీఐఎస్; ఫోన్‌లో దాని బీఐఎస్ కేర్ యాప్ వేసుకుని ఆ నంబరు కొట్టండి. కంపెనీ పేరు, చిరునామా, ఏ వస్తువుకు లైసెన్సు ఇచ్చారు, అది ఇంకా నడుస్తోందా అన్న వివరాలు వస్తాయి. వాటిని కుడి పేజీతో ఒక్కొక్కటిగా పోల్చండి. నంబరు అసలుదే అయినా వేరే కంపెనీదో, వేరే వస్తువుదో కావచ్చు. గుర్తు కనిపించగానే సంతృప్తిపడితే అది బయటపడదు.

మన ప్రాంతపు విలేకరి తప్పక తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. కొండపల్లి బొమ్మ మీద ఐఎస్‌ఐ గుర్తు లేదని 'చట్టవిరుద్ధంగా అమ్ముతున్నారు' అని రాయకూడదు. భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలను వాటి నమోదిత హక్కుదారులు తయారు చేసినా, హస్తకళల అభివృద్ధి కమిషనర్ దగ్గర పేరు నమోదైన కళాకారులు బొమ్మలు చేసినా ఆ నిబంధన నుంచి మినహాయింపు ఉంది. తరతరాలుగా పొణికి చెక్క చెక్కి బతుకుతున్నవారి మీద అలాంటి వార్త పడితే ఎంత నష్టమో ఆలోచించండి. అయితే మినహాయింపు ఉన్నంత మాత్రాన తల్లి అడగాల్సిన ప్రశ్న తీరిపోదు. దొరికినదల్లా నోట్లో పెట్టుకునే ఎనిమిది నెలల పాప చేతికి ఆ బొమ్మ ఇవ్వొచ్చా? కొలువులో పెట్టుకునే బొమ్మ వేరు, పిల్ల చీకే బొమ్మ వేరు. చెక్కినవారినే వెళ్లి అడగండి: ఇది ఏ రంగు, చెట్ల నుంచి తీసిందా, ఎనామిల్ పెయింటా? విజయవాడ నుంచి కొండపల్లి ఎంత దూరం! వెళ్లి కూర్చుంటే ఓపిగ్గా చూపించి చెబుతారు.

గుర్తుతో పని లేకుండా మీ చేత్తో చూడాల్సినవి రెండున్నాయి. చిన్న భాగాల పరీక్షకు వాడే గొట్టం వెడల్పు 31.7 మిల్లీమీటర్లు. నొక్కకుండా పెడితే అందులో పూర్తిగా పట్టేసే ముక్క ఏదైనా మూడేళ్ల లోపు పిల్లల గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది. బటన్ బ్యాటరీ ఉన్న బొమ్మయితే దాని మూత స్క్రూతో బిగించారో, గోటితో లాగితే వచ్చేస్తోందో చూడండి. మింగిన బటన్ బ్యాటరీ అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే తీవ్రమైన గాయం చేయగలదు. ఈ ఒక్క వాక్యం మీ కథనంలో మొదటి పేరాలో ఉన్నా తప్పులేదు.

డబ్బాపాల దగ్గర కలం జాగ్రత్త

డబ్బాపాలు, పాలసీసాలు, రెండేళ్ల లోపు పిల్లల ఆహారం గురించి 1992లో ఒక చట్టం వచ్చింది. 2003లో దాన్ని ఇంకా గట్టిగా సవరించారు. వీటికి ప్రకటన ఇవ్వకూడదు. ఆ ప్రకటన ప్రచురణలో పాలుపంచుకోకూడదు కూడా. ఈ రెండో మాట మనకు సంబంధించినది. ప్రకటన అంటే ఆ చట్టంలో పేపర్‌లో వేసే బొమ్మ ఒక్కటే కాదు. నోటీసు, లేబుల్, కాంతి, ధ్వని, పొగ, ఎలక్ట్రానిక్ ప్రసారం అన్నీ ఆ నిర్వచనంలో ఉన్నాయి. మూడేళ్ల వరకు జైలు పడొచ్చు. 'పసిపాపకు అయిదు బెస్ట్ పాలపొడులు' లాంటి ఐటెమ్ రాయడానికి అందుకే ఒప్పుకోకండి. మీరు జాగ్రత్తగా రాసినా డెస్క్‌లో శీర్షికకు 'బెస్ట్' అని తగిలించే అవకాశం ఉంది కాబట్టి, కాపీతో పాటే ఈ చట్టం సంగతి ఒక వాక్యంలో రాసి పంపండి.

డబ్బా లేబుల్‌కు కూడా కట్టుబాట్లున్నాయి. తల్లిపాలే బిడ్డకు శ్రేష్ఠమన్న మాట ఉండి తీరాలి. పాప బొమ్మ గానీ, తల్లి బొమ్మ గానీ ఉండకూడదు. మీ చేతిలోని డబ్బా మీద ఏముందో చూసి కుడి పేజీలో రాయండి. ఆసుపత్రి గోడ మీద డబ్బాపాల పోస్టరు కనిపిస్తే అదీ ఈ చట్టం కిందికే వస్తుంది. గుంటూరు కొత్తపేట ఆసుపత్రుల్లో ఓపీ దగ్గర కూర్చున్నప్పుడు గోడల వైపు కూడా ఓ చూపు వేయండి.

ఇవన్నీ చూసి ఆ విషయం జోలికే పోకూడదనుకోకండి. పొగడకుండా రాయాల్సింది చాలా ఉంది. 2024 ఏప్రిల్‌లో స్విట్జర్లాండ్‌కు చెందిన పబ్లిక్ ఐ అనే సంస్థ, శిశు ఆహారం మీద పనిచేసే అంతర్జాతీయ బృందం ఐబీఫాన్‌తో కలిసి నెస్లే శిశు ఆహారం మీద ఒక నివేదిక తెచ్చింది. భారత్‌లో అమ్మే సెరెలాక్‌లో ఒక్కసారి పెట్టే పరిమాణానికి సగటున దాదాపు మూడు గ్రాముల చక్కెర కలిపి ఉందనీ, అదే రకం ఆహారం జర్మనీ, బ్రిటన్‌లలో చక్కెర కలపకుండా అమ్ముతున్నారనీ అందులో ఉంది. అయిదేళ్లలో కలిపే చక్కెరను 30 శాతం వరకు తగ్గించామని నెస్లే ఇండియా బదులిచ్చింది. ఆ పద్ధతిని గమనించండి. ఒకే పేరుతో రెండు దేశాల్లో అమ్మే డబ్బాలను పక్కపక్కన పెట్టి చూశారు. అది మీరూ చేయొచ్చు. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో మనవాళ్లు లేని వీధి గుంటూరులో ఎక్కడుంది? బ్రాడీపేటలోనో అరండల్‌పేటలోనో ఎవరినడిగినా, అక్కడున్న కూతురు వాట్సాప్‌లో డబ్బా వెనకవైపు ఫొటో తీసి పంపుతుంది. రెండు ఫొటోల్లో తయారీ నెల కనబడేలా తీయమనండి.

పెట్టె లేని వస్తువు

తిప్పి చదవడానికి ఏమీ లేని వస్తువులూ ఉన్నాయి. ఆవాల దిండు అలాంటిదే. కూతురికి పురుడు పోసిన చాలా పుట్టిళ్లలో బిడ్డ తల గుండ్రంగా రావాలని పెడతారు, మార్కెట్‌లో పక్కబట్టలతో కలిపి సెట్టుగా అమ్ముతారు. ముద్ర ఉండదు, కంపెనీ ఉండదు. ఎడమ పేజీలో రాయాల్సిన మాట అమ్మమ్మ నోటి నుంచే వస్తుంది.

నిద్రపోయే పసిపాపను వెల్లకిలా, గట్టిగా చదునుగా ఉన్న పక్క మీద, దిండు గానీ మెత్తటి వస్తువులు గానీ లేకుండా పడుకోబెట్టాలని అమెరికన్ పిల్లల వైద్యుల సంఘం చెబుతోంది. ముఖానికి అడ్డం పడి ఊపిరి ఆడకపోవచ్చన్నది భయం. ఇది రాయాలి, కానీ 'మూఢనమ్మకం' అన్న మాట వాడి కాదు. ఆ అమ్మమ్మ పక్కనే కూర్చుని, మెలకువగా చూసుకుంటూ బిడ్డను పెంచింది. ఇప్పుడు అదే దిండు తలుపేసిన ఏసీ గదిలో, అలసి నిద్రపోయిన తల్లిదండ్రుల పక్కన ఉంది. ఈ తేడా చెబితే అమ్మమ్మా వింటుంది, కూతురూ వింటుంది. తల ఒకవైపు చదునవుతుందన్న టెన్షన్‌కూ జవాబివ్వండి: మెలకువగా ఉన్నప్పుడు కళ్లెదుటే కాసేపు బోర్లా పడుకోబెట్టమని, ఒకేవైపు తిరిగి పడుకోకుండా చూడమని డాక్టర్లు చెబుతారు.

వాకర్ సంగతి చిన్నగా చెబుతాను. కెనడా 2004లో వాటి అమ్మకాన్నే నిషేధించింది. మన దగ్గర బారసాలకు, పుట్టినరోజుకు బహుమతిగా ఇస్తున్నారు. నడక తొందరగా వస్తుందని పెట్టె ముందు రాసి ఉంటే, ఆ మాటకు ఆధారం అడగడం పైన నేర్చుకున్నారు కదా, అలాగే అడగండి.

కంపెనీ పంపిన వస్తువు గురించి ఎప్పుడైనా రాయాల్సి వస్తే, అది ఉచితంగా వచ్చిందని కథనం మొదట్లోనే చెప్పండి. చివర చిన్న అక్షరాల్లో వద్దు. ఒక తల్లి మీ మాట నమ్మి బిడ్డకు వాడుతుంది, ఆ నమ్మకానికి మీరు బాకీ ఉన్నారు.

ఈ వారం అభ్యాసం: మీ దగ్గరున్న వస్తువుకు రెండు పేజీలూ నింపండి, కస్టమర్ కేర్‌కు మూడు ప్రశ్నలు మించకుండా ఈమెయిల్ పెట్టండి, బొమ్మయితే బీఐఎస్ కేర్‌లో కనబడిన తెర ఫొటో తీసి ఉంచండి. లైసెన్సు వివరాలు పెట్టెతో కలవకపోతే తొందరపడి రాయకండి. అదే వస్తువు మరో షాపులో కూడా కొని చూడండి. వచ్చే పాఠం పిల్లల డాక్టరును ఇంటర్వ్యూ చేయడం గురించి. ఏ కంపెనీతోనైనా ఆయనకు సంబంధం ఉందా అని మర్యాదగా ఎలా అడగాలో అక్కడి నుంచే మొదలుపెడదాం.